మూడు అనగానే మూసుకునే కళ్ళు

మా అమ్మ కళ్ళ గురించి ఇప్పుడు రాసిపెట్టకపోతే, ఇంకో పదేళ్ళకి మా వాళ్ళంతా ఎవరివో కళ్ళు చూపించి ఇవే ఆవిడ కళ్ళని చెప్పుకుంటారు. పోయిన నెల నుంచి నాకు ఇదే గొడవ. బాపట్లలో ఉండే మా సుబ్బులు పిన్ని మనవడు కిషోర్ తెనాలిలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. హాల్లో ఒక గోడంతా పాత ఫోటోలతో నింపుతానని మా ఇంటికి వచ్చి, మా నాన్న ట్రంకుపెట్టె ముందు కూర్చున్నాడు. మంచి పిల్లాడే. ఫోటోలు తీసే ముందు చేతులు కడుక్కున్నాడు కూడా. కానీ అమ్మ కళ్ళు మూసుకుని ఉన్న ఫోటో ఒకటి తీసి, దాన్ని ఫోనులోకి ఎక్కించి ఏదో నొక్కాడు. అరనిమిషంలో అమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. చీరకి రంగొచ్చింది. పెదవుల మీద ఎన్నడూ లేని నవ్వొకటి వచ్చింది. "చూడండి అత్తయ్యా, పెద్ద నాయనమ్మ ఎంత బాగా వచ్చారో!" అన్నాడు. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే బంధువుల గ్రూపులో పెట్టేశాడు. దణ్ణాల బొమ్మలు, పువ్వుల బొమ్మలు వరసకట్టాయి. "అచ్చం పెద్దమ్మే" అని రాసినవాళ్ళలో ముగ్గురు మా అమ్మ పోయిన తరవాత పుట్టినవాళ్ళు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమన్నా అంటే పెద్దావిడ చాదస్తం అంటారని ఊరుకుని, మర్నాడు వాడితో కలిసి బాపట్ల వెళ్ళి పిన్నికి చూపించాను. ఎనభై దాటిన పిన్ని ఫోను ముక్కుకి ఆనించుకుని చాలాసేపు చూసి, "మీ అమ్మవి కావు, నావీ కావు. ఎవరివే ఈ కళ్ళు?" అంది. ఆవిడకి మతి తప్పిందనుకుని కిషోర్ నావైపు జాలిగా చూశాడు. మతి తప్పలేదు. ఆ మాటకి అర్థం తెలిసినవాళ్ళం మేమిద్దరమే మిగిలాం. అందుకే ఈ రాత.

మా నాన్న తెనాలి స్టేషన్లో పార్సిల్ గుమాస్తా. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి చొక్కాకి గోనెసంచుల వాసన, నిమ్మకాయల వాసన, ఒక్కోరోజు ఎండుచేపల బుట్టల వాసన కూడా ఉండేది. నాయనమ్మ గుమ్మంలోనే ఆపి, "నూతి దగ్గరికి పోరా అబ్బాయ్, లోపలికి తేకు" అనేది. ఒళ్ళు కడుక్కుని వచ్చిన మనిషి వేరే మనిషి. ఉతికిన పంచె కట్టుకుని, బీరువా మీద నుంచి కెమెరా దించి, మెత్తటి గుడ్డతో అద్దం తుడిచి, మళ్ళీ పైన పెట్టేవాడు. ఫోటో తీయని రోజు కూడా తుడిచేవాడు. అది డబ్బాలాగా నల్లగా ఉండే కెమెరా. రైల్వేలో రిటైరై వెళ్ళిపోయిన దొరగారి బట్లరు ఎవరో నాన్నకి ఇచ్చి పోయాడట. పొట్టకి ఆనించుకుని, తల వంచుకుని పైనున్న చిన్న అద్దంలో చూసి తీయాలి. రీలుకి పన్నెండు ఫోటోలు. ఎన్నో ఫోటోలో ఉన్నామో వెనక ఉన్న ఎర్ర అద్దంలో అంకె కనిపిస్తుంది. ఒక రీలు మాకు మూడు నాలుగు నెలలు వచ్చేది. అందుకని ఒక్కో ఫోటోకి ముందు ఇంట్లో ముహూర్తం పెట్టినంత హడావుడి జరిగేది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆల్బం తీయడం మా ఇంటి అలవాటు. అందరూ చేతులు సబ్బుతో కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, చాప మీద కూర్చోవాలి. నల్లటి అట్టపేజీలు, మధ్యలో సాలెగూడు గీతలున్న పల్చటి కాగితం. పేజీ తిప్పితే స్టూడియో మందు వాసన, కర్పూరం వాసన కలిసి వచ్చేవి. ఫోటోలని నాన్న జిగురుతో అంటించేవాడు కాదు, నాలుగు మూలలకీ నాలుగు కాగితపు తొడుగులు వేసి వాటిల్లోకి దూర్చేవాడు. ఎందుకంటే ప్రతి ఫోటో వెనకా పెన్సిలుతో రాసేవాడు: అంకె, ఊరు, ఉన్నవాళ్ళ పేర్లు. "ముందు చూసినవాళ్ళకి ముఖం తెలుస్తుంది, వెనక చూస్తేనే మనిషి తెలుస్తాడు" అనేవాడు. నాయనమ్మకి ఫోటోలంటే పడదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. కానీ ఆల్బం తీస్తే అందరికన్నా ముందు చాప మీద ఆవిడే ఉండేది.

ఆ ఆల్బం నిండా అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. తులసికోట దగ్గర, కాలవ వంతెన మీద, రేపల్లెలో తాతయ్య వాళ్ళ అరుగు మీద, నన్ను ఒళ్ళో పెట్టుకుని, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, అన్నిట్లోనూ నిద్రపోతున్నట్టు ఉంది. తప్పు నాన్న పద్ధతిలో ఉంది. ఆయన అమ్మని నిలబెట్టి, గడ్డం పైకి, భుజం కిందికి అని సవరించి, "ఇప్పుడు కళ్ళు ఆర్పకు, నేను లెక్కపెడతాను" అనేవాడు. "ఒకటి..." అనగానే అమ్మ కళ్ళు పెద్దవి చేసేది. "రెండు..." అనేసరికి నీళ్ళు తిరిగేవి. "మూడు" అనగానే రెప్పలు టపుక్కున పడేవి. సరిగ్గా అప్పుడే ఆయన మీట నొక్కేవాడు.

"మళ్ళీ మూశావు కదే!"

"నేనేం మూయలేదండీ, అవే పడ్డాయి."

"పన్నెండింట్లో మూడు నీ రెప్పలకే పోతున్నాయి రాజ్యం."

"అయితే నన్ను తీయకండి. మీ రైళ్ళని తీసుకోండి, వాటికి రెప్పలుండవు."

నాయనమ్మ వెనక నుంచి అందుకునేది. "పోనీలేరా, కోడలు చూడకపోతే నీకేం, నువ్వు చూస్తున్నావుగా!" ఇల్లంతా నవ్వు. నాన్న మాత్రం నవ్వేవాడు కాదు. రెండు నెలల తరవాత అదే వరస, ఒకటి, రెండు, మూడు.

నాకు ఎనిమిదో తరగతి మించి చదువు లేదు. ఆడపిల్లకి అది చాలన్నారు. నాకు తెలిసినదంతా తెనాలి గ్రంథాలయంలో తెలిసిందే, అది చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను. ఆడవాళ్ళకి సాయంత్రం ఒక గంట విడిగా బెంచీ వేసేవాళ్ళు. ఆ గంటల్లోనే మూడు బీరువాలు చదివాను. ఖగోళం, కోళ్ళ పెంపకం, ఫ్రాన్సు విప్లవం, ఏది దొరికితే అది. లైబ్రేరియన్ శేషయ్య గారు ఒకరోజు అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, "మీ నాన్నగారికి పనికొస్తుందమ్మా పద్మా" అన్నారు. ఫోటోలు తీయడం గురించి తెలుగులో రాసిన పుస్తకం. నాన్నకి ఇవ్వకుండా నేనే నాలుగుసార్లు చదివాను. వెలుతురు ఫిల్ము మీద ఏం చేస్తుందో, నెగెటివులో నలుపు తెలుపు ఎందుకవుతుందో నాకు కంఠతా వచ్చేసింది. అందులో ఒకచోట, కళ్ళు ఆర్పేవాళ్ళని లెక్కపెట్టి తీయకూడదనీ, వాళ్ళ ధ్యాస వేరే దాని మీద ఉన్నప్పుడు తీయాలనీ ఉంది. అన్నం దగ్గర నాన్నకి చెప్పాను.

"ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు.

"లైబ్రరీ పుస్తకంలో."

"ఆయన పుస్తకం రాశాడు, నేను ఫోటోలు తీస్తాను. ఎవరి పని వాళ్ళది. మజ్జిగ పొయ్యి."

ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ చిరాకే. ఒక్కసారి, పన్నెండింట్లో ఒక్కటంటే ఒక్కటి, లెక్కపెట్టకుండా తీసి ఉంటే ఏం పోయేది?

ఆ వేసవిలో పిన్నికి కొడుకు పుడితే బారసాలకి బాపట్ల వెళ్ళాం. మర్నాడు ఉదయం అమ్మ తలంటుకుని, పిన్ని వాళ్ళ పెరట్లో నూతి గట్టు మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. పిన్ని బాలింత మంచం మీద నుంచే కిటికీలోంచి ఏదో చెబుతోంది, అమ్మ నవ్వుతోంది. కెమెరా వసారాలో బల్ల మీద ఉంది. నాన్న బాబాయితో కలిసి చేపల కోసం వెళ్ళాడు. ఎర్ర అద్దంలో ఏడు కనిపిస్తోంది. పుస్తకంలో చెప్పినట్టు ఎండ నా వీపు వైపు పెట్టుకున్నాను, ఆరడుగులు కొలుచుకుని నిలబడ్డాను, ఊపిరి బిగబట్టాను. "అమ్మా" అన్నాను. అమ్మ ఇటు తిరిగి "ఏంటే?" అంది. మీట నొక్కాను. రెప్ప పడలేదు. ఆ సంగతి ఆ చిన్న అద్దంలో నేను కళ్ళారా చూశాను.

"ఓసి దొంగా! మీ నాన్న చూశాడంటే..." అంటుండగానే వీధి తలుపు చప్పుడైంది. కెమెరా బల్ల మీద పెట్టి పెరట్లోకి పారిపోయాను. తీయగానే రీలు తిప్పాలని ఆ పుస్తకంలో పెద్ద అక్షరాల్లో ఉంది. నాలుగుసార్లు చదివినదాన్ని, ఆ ఒక్కటీ మర్చిపోయాను. మా నాన్నదీ అదే పద్ధతి, తీసిన వెంటనే తిప్పేసేవాడు. అందుకని తీసే ముందు చూసుకునే అలవాటే ఆయనకి లేదు. ఎర్ర అద్దంలో ఏడు అంటే ఆయన లెక్కలో ఏడోది ఇంకా తీయలేదని.

రెండు రోజుల తరవాత రేపల్లె వెళ్ళాం. రేపల్లె బండి ఇంజనుని ఎదురుగా నిలబడి తీయాలని నాన్నకి ఏడాదిగా కోరిక. డ్రైవరు తెలిసినవాడు కుదరాలి, ఎండ కుదరాలి, ప్లాట్‌ఫారం ఖాళీగా ఉండాలి. ఆ రోజు అన్నీ కుదిరాయి. డ్రైవరు టోపీ సవరించుకుని ఇంజను పక్కన నిలబడ్డాడు. నాన్న రైలుకి కూడా "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టాడు. అమ్మ నా చెవిలో, "చూడు, అది కళ్ళు ఆర్పలేదు" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నామీద నాకే కోపం వస్తుంది. ఏడో ఫోటో మీద రెండోసారి వెలుతురు పడింది అప్పుడే.

ప్రింట్లు వచ్చిన రోజు నాన్న కవరు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్ళాడు. స్టూడియో కోటేశ్వరరావు గారిది.

"ఏమయ్యా, నా ఇంజను మీద మా ఆవిడని ఎందుకు కూర్చోబెట్టావు?"

ఆయన నెగెటివు కిటికీకి ఎత్తి చూశాడు. "కడగడంలో ఒకదాని మీద ఒకటి పడదండీ, తీయడంలోనే పడుద్ది. రీలు తిప్పడం మర్చిపోయుంటారు."

"ఇరవయ్యేళ్ళ నుంచి తీస్తున్నాను. నేను మర్చిపోతానా?"

"మీరు కాకపోతే ఇంకెవరన్నా ముట్టుకున్నారేమోనండి."

"నా కెమెరా ముట్టుకునే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది?"

నేను పక్కనే ఉన్నాను. గోడకి వేలాడుతున్న తెర మీద రంగులేసిన మెట్లూ, హంసలూ చూస్తూ నిలబడ్డాను. నోరు తెరవాల్సిన క్షణం అదే. తెరవలేదు. నాన్న ఆ ఫోటోని పాడైన ప్రింట్ల కవర్లో పడేశాడు. అమ్మ మాత్రం నేను చూస్తుండగా దాన్ని తీసి, ఎండకి పట్టి, "బాగుందే! ఈసారి తెరిచాను" అని మళ్ళీ కవర్లో పెట్టేసింది. ఆ తరవాత నాన్న ప్రతి ఫోటోకి ముందూ, తరవాతా ఎర్ర అద్దంలోకి రెండుసార్లు చూసుకునేవాడు. తన మతి మీద తనకే అనుమానం వచ్చిందనుకున్నాను. అలా చూసుకున్నప్పుడల్లా నేను తల తిప్పుకునేదాన్ని.

నెగెటివు ఏమైందంటే, ఆ ఏడాదే సూర్యగ్రహణం వచ్చింది. మా వీధి పిల్లలంతా "బాబాయ్, నల్లగా ఉన్నది ఒకటి ఇవ్వండి" అని మా గుమ్మం ముందు నిలబడ్డారు. నెగెటివుల్లోంచి గ్రహణం చూడటం అప్పుడు అందరికీ అలవాటు, ఇప్పుడు కూడదంటారు. రెండుసార్లు వెలుతురు పడ్డది అన్నిటికంటే నల్లగా ఉంటుంది కదా, నాన్న దాన్నే ఇచ్చాడు. అది చేతులు మారి నా దాకా వచ్చింది. మా అమ్మ ముఖంలోంచి, ఎవరో కొరికినట్టున్న సూర్యుణ్ణి చూసి, పక్కవాడికి ఇచ్చేశాను. మళ్ళీ అది మా ఇంటికి రాలేదు.

రెండేళ్ళు తిరక్కుండా అమ్మ కామెర్లతో పోయింది. పదకొండో రోజుకి పటం కావాలి. నాన్న ఆల్బం అంతా తిరగేశాడు. ఏది చూసినా కళ్ళు మూసే ఉన్నాయి. మూసిన కళ్ళతో పటం కట్టకూడదంది నాయనమ్మ. నేను ధైర్యం చేసి, "ఆ రైలు ఫోటోలో అమ్మ కళ్ళు తెరిచి ఉంది నాన్నా" అన్నాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. "అది పాడైపోయిందమ్మా" అన్నాడు. కవర్లో వెతికాను, లేదు. స్టూడియోలో రంగులు వేసే బాజీ గారు తులసికోట ఫోటోని పెద్దది చేయించి, కుంచె పట్టుకుని అడిగాడట, "కళ్ళు వేస్తానండీ, కానీ ఎవరివి వేయమంటారు?" అని. అందుకని చెల్లెలు కాబట్టి పోలిక ఉంటుందని, మా పిన్నిని తీసుకెళ్ళి ఆయన ఎదురుగా కూర్చోబెట్టారు. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో ఆవిడ పూటంతా కూర్చుంది. యాభై ఏళ్ళుగా మా ఇంట్లో దణ్ణం పెట్టుకుంటున్నది మా పిన్ని కళ్ళకి. ఆవిడ మా ఇంటికి వస్తే ఆ గోడవైపు వీపు పెట్టి కూర్చునేది. "బతికుండగానే దండ వేయించుకున్నట్టుందే" అనేది.

నాకు విసుగు పుట్టించేది ఇదే. అప్పుడు పన్నెండు ఫోటోలకి నాలుగు నెలలు కాచుకుని, ప్రతిదాని వెనకా పేర్లు రాసుకుని కూడా, ఒక్క మనిషి చూపుని నిలబెట్టుకోలేకపోయాం. ఇప్పుడు రోజుకి వంద తీసి, ఒక్కదాని వెనకా ఏమీ రాయకుండా, లేని చూపుని అరనిమిషంలో తయారుచేస్తున్నారు. బాజీ గారైనా ఎవరి కళ్ళు వేయాలని అడిగాడు. ఈ ఫోను అది కూడా అడగదు.

బాపట్ల నుంచి వచ్చాక కిషోర్ గోడ మీది పటాన్ని కూడా ఫోనుకెక్కిస్తానని దించాడు. అద్దం మెరుస్తోందని వెనక మేకులు పీకి అట్ట తీశాడు. అట్టకీ పటానికీ మధ్యలోంచి ఏదో కాగితం కింద పడింది. రేపల్లె ఇంజను. నల్లటి ఇంజను ముందుభాగం ఉన్నచోట అమ్మ ముఖం, తడి జుట్టు, సగం తెరిచిన నోరు. "ఏంటే?" అంటున్న నోరు. ఎండపడ్డ ప్లాట్‌ఫారం అమ్మ చీరని తినేసింది గానీ ఇంజను నలుపు ముఖాన్ని కాపాడింది. వెలుతురు పడనిచోట ఫిల్ము ఖాళీగా ఉంటుంది కాబట్టి అలా అవుతుందని ఆ పుస్తకంలో చదివాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. పిన్ని కళ్ళ కంటే చిన్నవి. ఎడమ కన్ను కొంచెం కిందికి ఉంటుందన్న సంగతే నేను మర్చిపోయాను.

వెనక నాన్న పెన్సిలు. "7. బాపట్ల, రేపల్లె. రాజ్యం, ఇంజను. మొదటిది మా పద్మ తీసింది. లెక్కపెట్టలేదు."

ఎప్పుడు తెలిసింది నాన్నా? అమ్మ చెప్పిందా? పదకొండో రోజున నన్ను అంతసేపు చూసినప్పుడు ఇది నీ దగ్గరే ఉందా? బాజీకి చూపించి ఉంటే యాభై ఏళ్ళు మేం పిన్నికి దణ్ణం పెట్టేవాళ్ళం కాదు కదా. చూపిస్తే ఎవరు తీశారో చెప్పాల్సి వస్తుందనా? నువ్వు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నువ్వు పోయేదాకా ఎర్ర అద్దంలోకి రెండుసార్లు చూసుకుంటూనే ఉన్నావు.

"అత్తయ్యా, రైలు తీసేస్తాను, ఒక్క నిమిషం" అన్నాడు కిషోర్, ఫోను పైకెత్తి.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను. రైలు ఉండనీ."

"రైలుంటే పెద్ద నాయనమ్మ సరిగ్గా కనపడరు కదండీ."

"సరిగ్గానే కనపడుతోంది. వెనక్కి తిప్పి చదువు."

వాడు చదివాడు. ఫోను జేబులో పెట్టేశాడు. ఇప్పుడు వాళ్ళ గోడ మీద ఆ ఫోటో ఉంది, ఏమీ దిద్దకుండా. పక్కనే, వెనక రాసినది కూడా ఫోటో తీసి అంతే పెద్దది చేసి పెట్టాడు. చూడటానికి వచ్చినవాళ్ళు ఇదేంటి, పాడైనదాన్ని పెట్టావని అడుగుతున్నారట. అడగనీ.

ఈ నాలుగు మాటలు రాయగలిగానంటే దానికి కారణమైనవాళ్ళు కొందరున్నారు. అట్ట లేని పుస్తకం నా చేతిలో పెట్టిన శేషయ్య గారికి, తప్పు ఎక్కడ జరిగిందో మొహమాటపడకుండా చెప్పిన కోటేశ్వరరావు గారికి, ఎవరి కళ్ళు వేయాలని అడిగిన బాజీ గారికి నా నమస్కారాలు. తన కళ్ళు అక్కకి అరువిచ్చి, యాభై ఏళ్ళు గోడకి వీపు పెట్టి కూర్చున్న సుబ్బులు పిన్నికీ, మేకులు పీకిన కిషోర్‌కీ రుణపడి ఉన్నాను. పెన్సిలు చెక్కుకుని వెనక రాసిపెట్టిన నాన్నకి కూడా, కోపం తగ్గాక చెబుతాను. మా అమ్మ రాజ్యానికి మాత్రం ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ గోడ ముందు నిలబడితే చాలు, ఇంజను నలుపులోంచి కళ్ళు ఆర్పకుండా "ఏంటే?" అంటోంది.